వినడం నేర్పే ఆటలు: మీ క్లాసుకి ఏది సరిపోతుంది?

డిక్టేషన్‌లో టీచర్ "పండగ" అన్నారు, పిల్లవాడు "పడగ" అని రాశాడు. తప్పు చెవిదా, చేతిదా? సున్నా వినపడలేదా, వినపడినా పెట్టడం మరిచిపోయాడా? ఎర్ర ఇంకుతో కొట్టేసి మూడుసార్లు రాయిస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

వినడం నేర్పుతున్నాం అనుకుని బడుల్లో చేయించే పనుల్లో చాలావాటిది ఇదే ఇబ్బంది. పెద్ద కథ చెప్పి చివర్లో పది ప్రశ్నలు అడిగితే అది జ్ఞాపకశక్తికి పరీక్ష. విన్నది నిలబడి చెప్పమంటే సగం ధైర్యానికి పరీక్ష. చేతులు కట్టుకుని కదలకుండా కూర్చోమంటే అది క్రమశిక్షణ. వాడు కిటికీలోంచి కాకిని చూస్తున్నాడో, మనం చెప్పేది వింటున్నాడో ఎవరికీ తెలియదు.

కాబట్టి ఏ ఆట ఎంచుకున్నా మొదట చూడాల్సింది ఒకటే. పిల్లవాడు తప్పు చేస్తే, ఆ తప్పు వినడంలోనే జరిగిందని మనకు తెలుస్తుందా? తర్వాతే మిగతా లెక్కలు: ఒకేసారి ఎంతమందికి పని దొరుకుతుంది, పీరియడ్‌లో ఎంత భాగం పోతుంది, ఏం సామాను కావాలి. తెలుగు, ఇంగ్లీషు రెండూ చెప్పే బడుల్లో, ముప్పై నలభై మంది ఉన్న గదిని దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను.

ముందు గది సంగతి

ఆట ఏదైనా ముందు మాట చెవి దాకా చేరాలి. పైన ఫ్యాన్లు, పక్క గదిలో ఎక్కాలు, వరండాలో మధ్యాహ్న భోజనం గిన్నెల చప్పుడు. తరగతి గదుల కోసం అమెరికాలో 2002లో తెచ్చిన ధ్వని ప్రమాణం ప్రకారం, ఖాళీ గదిలో చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదు. మన దగ్గర పాత ఫ్యాను ఒక్కటి గిరగిరా తిరిగితే చాలు, ఆ గీత దాటినట్టే. పైగా దూరం రెట్టింపయ్యే కొద్దీ గొంతు తగ్గుతుంది. ఆరుబయట అయితే ఆ తగ్గుదల సుమారు 6 డెసిబెల్స్. గదిలో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి గానీ, ఆ ప్రతిధ్వని మాటను మసకబారుస్తుంది. ముందు బెంచీకి "బడి" అని వినపడింది వెనక బెంచీకి "బండి" కావచ్చు.

చేయగలిగింది చాలా సులువు. వినే ఆట ఆడించే ఆ పది నిమిషాలు గది మధ్యలోకి వచ్చి నిలబడండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. వాతావరణం ఓర్చుకోగలిగితే ఫ్యాను ఆపండి. ఫోన్ స్పీకర్ మూడో బెంచీ దాటదు. దాన్ని నమ్ముకుని ఆడియో పాఠం పెట్టుకోవద్దు. చిన్న బ్లూటూత్ స్పీకర్ ఉంటే దాన్ని బల్ల మీద కాకుండా పిల్లల మధ్యలో పెట్టండి.

ఆదేశాల ఆట: భాష ఇంకా రాని పిల్లలకు మొదటి మెట్టు

టీచర్ చెప్తారు, పిల్లలు చేస్తారు. నోరు విప్పక్కర్లేదు, పెన్సిల్ అక్కర్లేదు. 1960లలో జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని ఒక బోధన పద్ధతిగా మలిచి టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అని పేరు పెట్టారు. దాని వెనక ఉన్న ఆలోచన మన ఇళ్లలో అందరూ చూసిందే. పసిపిల్ల మాట్లాడటం మొదలుపెట్టక ముందే "దా", "ఇవ్వు", "తాతకి టాటా చెప్పు" అంటే అర్థం చేసుకుని చేస్తుంది. భాష ముందు చెవికి పడుతుంది, నోటికి తర్వాత వస్తుంది. అందుకే నోరు తెరవమని తొందరపెట్టకుండా ముందు విననివ్వాలి.

తెలుగు ఇంటి భాష కాని పిల్లలకు దీన్ని మించింది లేదు. ఆదిలాబాద్ వైపు గోండి, భద్రాచలం వైపు కోయ, పార్వతీపురం మన్యంలో సవర, తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలు ఒకటో తరగతికి వచ్చేసరికి పాఠ్యపుస్తకం తెలుగు వాళ్లకు కొత్త భాష. ఇంగ్లీషు మీడియంలో చేరిన తెలుగు పిల్లల పరిస్థితీ అంతే. వాళ్లను "చెప్పు, చెప్పు" అని నిలబెడితే బిగుసుకుపోతారు. "ఎర్ర బంతి తీసి కిటికీలో పెట్టు" అంటే చేసి చూపిస్తారు. అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఆదేశాలు మాత్రం "కూర్చో, లే, గెంతు" దగ్గరే ఆగిపోతే రెండో వారానికి పిల్లలు వినడం మానేసి అలవాటుగా చేస్తారు. మెలికలు పెట్టాలి. "నీలం పెన్ను ఉన్నవాళ్లు కాదు, లేనివాళ్లు నిలబడండి." "తలుపు ముట్టుకోండి, కానీ ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి." తెలుగులో అసలు సంగతి వాక్యం చివర తేలుతుంది. "పుస్తకం తెరవండి", "పుస్తకం తెరవకండి" రెండూ చివరి దాకా ఒకేలా నడుస్తాయి. సగంలోనే చేయి కదిలించే పిల్లలకు ఇది మంచి కళ్లెం. ఇంగ్లీషులో ఇబ్బంది వేరే చోట. "యూ కెన్ గో", "యూ కాంట్ గో" మధ్య తేడా వాక్యం నడుమ ఒక చిన్న శబ్దంలో దాక్కుంటుంది. దాన్ని పట్టుకోవడం విడిగా సాధన చేయించాలి.

లోపాలు రెండు. పక్కవాణ్ని చూసి చేయడం మొదటిది. "నేను చప్పట్లు కొట్టాకే కదలాలి" అన్న నియమం పెడితే కొంత తగ్గుతుంది. కళ్లు మూసుకుని చేతులతో మాత్రమే చేసే ఆదేశాలైతే పూర్తిగా పోతుంది. రెండోది, తప్పు చేసినవాణ్ని ఔట్ అని పక్కన కూర్చోబెట్టడం. ఎక్కువ సాధన కావలసిన పిల్లవాడే మొదట ఔటై మిగతా ఆటంతా ఖాళీగా కూర్చుంటాడు. ఔట్ వద్దు. పాయింట్లు పెట్టుకోండి.

కథ: ఊ కొడితే సరిపోదు

అమ్మమ్మలు కథ చెప్తూ "ఊ" కొట్టమనేవారు. ఊ ఆగిందంటే మనవడు నిద్రపోయాడని గుర్తు. బుర్రకథలో వంతలు చేసేదీ దాదాపు అదే. కథకుడి పక్కన ఉండి, మాటకు మాట అందుకుంటూ కథను నడిపిస్తారు. క్లాసులో కథ చెప్పడం అందరికీ ఇష్టం, ఖర్చు లేదు. ఎక్కువ వాడాల్సినదే. కానీ ఊ కొట్టడం కూడా అలవాటుగా మారిపోతుందని గుర్తుపెట్టుకోవాలి.

కథను వినే సాధనగా మార్చడానికి నాకు బాగా నచ్చిన ఉపాయం తప్పు పట్టించడం. అందరికీ తెలిసిన సింహం, కుందేలు కథలో "కుందేలు సింహాన్ని చెరువు దగ్గరికి తీసుకెళ్లింది" అంటే క్లాసు మొత్తం "బావి!" అని అరుస్తుంది. గోల బాగుంటుంది గానీ, అక్కడ పని చేసింది పాత జ్ఞాపకం. కొత్త కథలో తప్పు పెట్టండి. మొదట "మల్లయ్యకి ఏడు మేకలు" అని, కాసేపయ్యాక "ఆరు మేకలూ ఇంటికి వచ్చాయి" అనండి. ఎవరూ పోయినట్టు చెప్పలేదు కదా, ఇంకోటి ఏమైంది? అది పట్టుకున్న పిల్లవాడు నిజంగా విన్నాడు. పట్టుకున్నవాళ్లు అరవకూడదు, పలక మీద గీత పెట్టాలి. లేకపోతే ఒకడు విన్నది నలభై మంది ఖాతాలో పడుతుంది.

ప్రశ్నలు అడగాలనుకుంటే కథకు ముందే అడిగేయండి. "ఈ కథలో ఎవరో ఒకరు అబద్ధం చెప్తారు. ఎవరో కనిపెట్టండి." అప్పుడు చెవికి వెతకడానికి ఒక పని ఉంటుంది. అదే ప్రశ్న చివర్లో అడిగితే, కనిపెట్టలేనివాడు వినలేదో, విని మరిచిపోయాడో తేల్చలేం.

విని గీయడం: ఒకటే ఎంచుకోమంటే ఇదే

నాకు ఒక్క ఆటే ఇస్తే ఇదే తీసుకుంటాను. సామాను ఒక కాగితం, ఒక పెన్సిల్. టైమ్ పది నిమిషాలు. క్లాసులో ప్రతి ఒక్కరికీ పని. స్పెల్లింగ్ గొడవ లేదు, మాట్లాడాలన్న టెన్షన్ లేదు. తప్పు ఎక్కడ జరిగిందో బొమ్మలోనే కనపడుతుంది.

"కాగితం మధ్యలో ఇల్లు గీయండి. ఇంటికి కుడివైపు కొబ్బరి చెట్టు. చెట్టు ఇంటికంటే పొడుగు. ఇంటి ముందు బావి. ఆవు చెట్టు కింద లేదు, ఇంటి వెనక ఉంది, తల మాత్రమే కనపడుతోంది." కుడి ఎడమలు తారుమారైతే ఒక రకం తప్పు. ఆవు చెట్టు కింద ఉంటే "లేదు" అన్నది జారిపోయింది. ఆవు మొత్తం గీస్తే "మాత్రమే" జారిపోయింది. కాగితాలన్నీ నేల మీద పరిస్తే రెండు నిమిషాల్లో క్లాసు ఎక్కడుందో తెలుస్తుంది. దిద్దాల్సిన నోటు పుస్తకాల కట్ట ఇంటికి మోయక్కర్లేదు, అది చిన్న లాభమేమీ కాదు.

బొమ్మలు రాని పిల్లలు ముడుచుకుంటారు. "ఆవు అంటే నాలుగు కాళ్లున్న గుండ్రం చాలు" అని మీరే బోర్డు మీద వంకరగా గీసి చూపిస్తే ఆ బెరుకు పోతుంది. చూచిరాతకు విరుగుడుగా ఒకే చెప్పడంలో రెండు బొమ్మలు నడిపించవచ్చు. కిటికీ వైపు బెంచీలవాళ్లకు ఆవు, తలుపు వైపువాళ్లకు గేదె, చోటు వేర్వేరు.

ఇది చిన్న తరగతుల ఆట అనుకోవద్దు. ఇదే పనిని లెక్కల పీరియడ్‌లోకి తీసుకెళ్లండి. బోర్డు మీద ఏమీ రాయకుండా చెప్పండి: "ఏబీ అనే 5 సెంటీమీటర్ల గీత గీయండి. బీ దగ్గర ఏబీతో 60 డిగ్రీల కోణం పెట్టండి. ఆ కిరణం మీద బీ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో సీ గుర్తించండి. ఏ, సీ కలపండి. ఇప్పుడు ఏసీ కొలవండి." సరిగ్గా విని సరిగ్గా గీసినవాడికి ఏసీ కూడా 5 సెంటీమీటర్లే వస్తుంది. టీచర్ దిద్దక్కర్లేదు, స్కేలే దిద్దుతుంది. సాంఘిక శాస్త్రంలో నదులు, పట్టణాలు చెప్తూ పటం నింపించడమూ ఇలాంటిదే.

డిక్టేషన్: తెలుగులో ఒక లెక్క, ఇంగ్లీషులో ఒక లెక్క

ఉక్తలేఖనాన్ని పాతచింతకాయ పచ్చడి అని పక్కన పెట్టేవాళ్లున్నారు. తెలుగు వరకు నేను ఒప్పుకోను. మన లిపిలో దాదాపుగా పలికినట్టే రాస్తాం కాబట్టి, దీర్ఘం పోయినా, ఒత్తు పోయినా, సున్నా పోయినా చాలాసార్లు అది చెవి దగ్గర జరిగిన నష్టమే. "గడి, గడ్డి", "కల, కళ", "బడి, బండి" లాంటి జంటలు ఐదారు ఇస్తే మంచి వినికిడి సాధన అవుతుంది. మొదట్లో చెప్పిన చిక్కు తేల్చడానికి చిన్న దారి కూడా ఉంది. రాయించకుండా ముందు ఆ రెండు మాటలూ బోర్డు మీద రాసి, మీరు పలికింది ఒకటోదా రెండోదా వేళ్లతో చూపించమనండి. వేళ్లు సరిగ్గా చూపించి, రాతలో తప్పితే అది చేతి తప్పు. వేళ్లే తప్పితే చెవి.

షరతు ఒకటుంది. పలికేవాళ్లు సరిగ్గా పలకాలి. టీచర్ "బాష" అంటే పిల్లవాడు "బాష" అనే రాస్తాడు. వాడు బాగానే విన్నట్టు!

ఇంగ్లీషులో సంగతి వేరు. అక్కడ పలికేదొకటి, రాసేదొకటి. "నైఫ్" అన్న మాట చక్కగా విని, కత్తి అని అర్థం చేసుకున్న పిల్లవాడు కూడా ముందున్న మూగ అక్షరం దగ్గర బోల్తా పడతాడు. ఇంగ్లీషు డిక్టేషన్‌ను స్పెల్లింగ్ కోసం పెట్టుకోండి, వినడం కోసం వద్దు. ఒక్కచోట మినహాయింపు, అంకెలు. "థర్టీన్, థర్టీ", "ఫిఫ్టీన్, ఫిఫ్టీ" తేడా పట్టుకోవడం, "డబుల్ సెవెన్" ఉన్న ఫోన్ నంబరు రాసుకోవడం బతుకులో రోజూ పనికొచ్చేవి. అంకెలకు స్పెల్లింగ్ బెడదా లేదు. మాటల్లో మాట, తెలుగు అంకెలకూ ఈ సాధన కావాలి. కూరగాయలాయన "అరవై ఐదు" అంటే "అంటే సిక్స్టీ ఫైవా?" అని అడిగే పిల్లలు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నారు.

ఎనిమిదో తరగతి నుంచి డిక్టేషన్‌ను మార్చి వాడుకోవచ్చు. ఐదు వాక్యాల పేరా మామూలు వేగంతో చదవండి. మొదటిసారి పెన్నులు కింద పెట్టి వినాలి. రెండోసారి ముఖ్యమైన మాటలు మాత్రం రాసుకోవాలి. తర్వాత నలుగురేసి కూర్చుని ఆ పేరాను తిరిగి కూర్చాలి. మాట మాటా కలవక్కర్లేదు, విషయం పోకూడదు. ఇంగ్లీషు బోధనలో దీన్ని డిక్టోగ్లాస్ అంటారు. పిల్లలు "కాదురా, ‘వెళ్లాడు’ కాదు, ‘వెళ్లబోయాడు’ అన్నారు" అని వాదించుకోవడం మొదలుపెట్టారంటే ఆట పనిచేస్తున్నట్టే. ధర మాత్రం ఎక్కువ, పీరియడ్ మొత్తం పోతుంది. గుంపులో బాగా రాసే అమ్మాయి ఒక్కతే పని చేసి మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చునే ప్రమాదమూ ఉంది. వాక్యానికొకరి చేతికి పెన్ను మారాలని ముందే చెప్పండి. పదిహేను రోజులకోసారి చాలు.

ఆడియో పెట్టి ప్రశ్నలు

పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు, దీక్ష యాప్, కొన్ని బడుల్లో గోడకు పెద్ద ప్యానెళ్లు వచ్చాక అందరూ ముందు దీనివైపే చూస్తున్నారు. దీనికి ఒక బలం ఉంది. పిల్లలు మీ గొంతు కాకుండా వేరే గొంతులు వింటారు. బడి దాటాక వాళ్లకు ఎదురయ్యేవి ఆ గొంతులే. బలహీనతలూ ఉన్నాయి. కరెంటు, నెట్, స్పీకర్ మూడూ ఒకేసారి కలిసిరావాలి. పిల్లల ముఖాలు చూసి ఆడియో తనంతట తాను ఆగదు.

పరీక్షలను చూసి చాలామంది ఆడియోను ఒకేసారి వినిపిస్తారు. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో నిజంగానే అంతే, 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాలు, రికార్డింగ్ ఒక్కసారే. అది కొలిచే పద్ధతి, నేర్పే పద్ధతి కాదు. క్లాసులో మూడుసార్లు పెట్టండి, ప్రతిసారీ వేరే పని ఇచ్చి. మొదటిసారి, ఎంతమంది మాట్లాడుతున్నారు, ఎక్కడున్నారు? రెండోసారి, వాళ్లకు కావలసిందేమిటి? మూడోసారి, ఏ మాట ఆధారంగా అలా అనుకున్నారు? ఒకటిన్నర నిమిషం మించిన ముక్క వద్దు. ఇంగ్లీషు వేగంగా ఉందనిపిస్తే స్పీడు తగ్గించి సాగదీయకండి, గొంతు వికృతమవుతుంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆపండి చాలు.

పరికరం లేదని ఈ సాధన వదులుకోనక్కర్లేదు. రైల్వే స్టేషన్ ప్రకటన మీరే చదవండి: "బండి సంఖ్య ఒకటి రెండు ఏడు రెండు ఏడు, విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ మరికొద్దిసేపట్లో..." పిల్లలకు ఇచ్చే పని ప్లాట్‌ఫారమ్ నంబరు పట్టుకోవడం ఒక్కటే. అన్నీ వినక్కర్లేదు, తనకు కావలసింది వినాలి. పెద్దవాళ్లం రోజూ చేసేది ఇదే అయినా బడిలో దీన్ని నేర్పేది తక్కువ. తెలుగులో నిజమైన గొంతులు కావాలంటే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు దొరుకుతాయి. ఒక నిమిషం ముక్క తీసుకోండి. అంతకంటే మంచిది, ఊళ్లో ఒక పెద్దావిడ పంట గురించో పాత వరద గురించో చెప్పింది ఫోన్లో రికార్డు చేసి తెచ్చుకోవడం. పుస్తకం తెలుగుకు, ఇంటి తెలుగుకు మధ్య చెవి అటూ ఇటూ తిరగడం అలవాటవుతుంది.

అంతగా సిఫారసు చేయనివి

చెవిలో మాట చెప్పుకుంటూ చివరిదాకా పంపే ఆట సరదాగా ఉంటుంది, నవ్వులు గ్యారంటీ. కానీ ఒక పిల్లవాడు వింటుంటే ముప్పై మంది ఎదురుచూస్తారు. మాట ఎక్కడ మారిందో, కావాలని మార్చారో కూడా తెలియదు. ఆడించాలనిపిస్తే ఆరుగురి వరుసలుగా చేసి, ప్రతి ఒక్కరూ తనకు వినపడింది రాసుకున్నాకే ముందుకు పంపాలి.

సగం మందికి ఒక భాగం, సగం మందికి ఇంకో భాగం వినిపించి, తర్వాత జంటలుగా కలిపి పూర్తి కథ కట్టించడం శిక్షణ తరగతుల్లో బాగా మెచ్చుకునే పద్ధతి. ఇరవై మంది ఉన్న క్లాసుకు, పక్కన వరండా ఉంటే, నిజంగానే గొప్పది. నలభై దాటిన గదిలో ఇరవై జంటలు ఒకేసారి మాట్లాడితే వినే సాధన కాస్తా అరిచే సాధన అవుతుంది.

తరగతిని బట్టి

ఒకటి, రెండు తరగతుల్లో ఆదేశాల ఆట రోజూ ఐదు నిమిషాలు, కథ వారానికి రెండుసార్లు. అంతకుమించి ఏమీ వద్దు. మూడు నుంచి ఐదు దాకా విని గీయడం ప్రధానంగా, తెలుగు మాటల జంటలు తోడుగా. ఒకే టీచర్ రెండు మూడు తరగతులు కలిపి చూసుకునే బడిలోనూ విని గీయడమే సులువు. ఒకే బొమ్మకు పెద్దపిల్లలకు మెలికలు ఎక్కువ పెట్టొచ్చు. ఆరు, ఏడులో ప్రకటనలు, చిన్న ఆడియో ముక్కలు. ఎనిమిది నుంచి పేరా కూర్చడం. తొమ్మిది, పదిలో ఇంకొకటి తప్పనిసరి. సైన్సులోనో సాంఘికంలోనో ఏడు నిమిషాలు నోట్సు చెప్పకుండా పాఠం చెప్పి, సగం నింపిన చట్రం ఇచ్చి మిగతాది వాళ్లను విని నింపుకోమనాలి. పబ్లిక్ పరీక్ష రాతతోనే నడుస్తుంది కాబట్టి ఈ పనికి మార్కులు రావు, తల్లిదండ్రులూ అడగరు. కానీ ఇంటర్‌లో చేరాక లెక్చరర్ చెప్పుకుపోతుంటే అర్థం కాక దిక్కులు చూసేది ఈ సాధన లేని పిల్లలే.

ఏ తరగతైనా, మాట్లాడుకునేటప్పుడు ఒకరి మీద ఒకరు పడిపోయే గుంపు అయితే వీటన్నిటికంటే ముందు ఒక నియమం పెట్టండి. నీ మాట చెప్పే ముందు ఎదుటివాడు చెప్పింది వాడు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. వారం రోజులు చిరాకుగానే ఉంటుంది.

ఆటలు మార్చినా, చోటు మార్చినా ఒకే పిల్లవాడు ప్రతిసారీ పక్కవాణ్ని చూసి చేస్తుంటే, వెనక నుంచి పిలిస్తే పలకకపోతే, జలుబు చేసినప్పుడల్లా మరీ వెనకబడితే, అది శ్రద్ధ సమస్య అనుకునే ముందు చెవి చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు చేసే పరీక్షల్లో వినికిడి లోపమూ ఉంది. వైద్య బృందం బడికి వచ్చిన రోజు హడావుడిలో మరిచిపోకుండా ఆ పేరు, మీరు గమనించిన గుర్తులు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకూ చెప్పండి. అప్పటిదాకా ఆ పిల్లవాణ్ని ముందు బెంచీలో, మీరు మాట్లాడేటప్పుడు మీ నోరు కనపడే చోట కూర్చోబెట్టండి.